మా అయ్య కలిపిన ఎర

మొన్న మా పెద్దోడు సెల్లుల ఏదో నొక్కి ఒక పొట్లం తెప్పించుకున్నాడు. అట్టపెట్టి ఇప్పి, నోపలున్న సంచీ మూతి కత్తిరించీసరికి ఇల్లంతా వాసన గుప్పుమంది. నాను వంటింట్లో పప్పు ఎనుపుతన్నాను. గరిటి అలాగే ఒగ్గీసి ఒచ్చినాను. ఏట్రా అది అనడిగితే, ఎరమ్మా, సెరువు సేపలకి, నీళ్ళోసి కలిపీడమే అన్నాడు. ఆడూ ఆడి జతగాళ్ళూ ఆదివారం పూట గాలాలట్టుకుని ఎల్తన్నారంట.

నాను ఆ సంచీ అందుకుని ముక్కుకాడ ఎట్టుకున్నాను. సోంపుంది, ఏపిన మెంతులున్నాయి, కచ్చూరం మటుకు నేదురా అన్నాను. ఆడు సంచీ ఎనకాల రాసింది సదువుకుని నా మొగం కాసి సూసినాడు. నీకెలా తెలుసమ్మా అన్నాడు. తరవాత సెప్తాన్లే అన్నాను. పప్పు మాడిపోతందని నోపలికి ఎలిపోనాను.

సెప్పలేనిది రాయొచ్చు కదా అని ఆడే కాయితాలు తెచ్చి ఇచ్చినాడు. నాను అయిదో తరగతి దాకానే సదివేను. ఉత్తరం ముక్క కూడా ఎప్పుడూ రాసెరగను. మాటాడినట్టే రాత్తన్నాను, ఇంకోలా రాడం నాకు రాదు. తప్పులుంటే ఏటీ అనుకోకండి.

అప్పుడు మాము కంచరపాలెంల ఉండీవోలం. రైలు పట్టాల ఎనకాల రెండు గదుల పెంకుటిల్లు. గూడ్సు బండి ఎల్లినప్పుడల్లా అలమారుల గిన్నెలు ఒకదానికొకటి కొట్టుకునీవి. అయ్యా, అమ్మా, అయ్యని కన్న మా మామ్మా, నానూ. మా తాతల కాలంల ఊరికాడ ఎవసాయం. అయ్య మీసాలు రాకముందే పనికని పట్నం ఒచ్చీసినాడు. ఓడల కాడ ఒక కంట్రాక్టరు కింద సరుకు దించీ కలాసీ పని.

దించీది ఎక్కువగా గంధకం, నేకపోతే ఎరువు. సాయంత్రం అయ్య నూతికాడ నీళ్ళోసుకుంటే గచ్చు మీన పచ్చగా కారీది. ఎంత రుద్దినా కనురెప్పల కాడ పచ్చదనం మిగిలిపోయీది. మా ఈది పిల్లలు, మీ అయ్యకి రోజూ పెళ్ళేనేటే, రోజూ పసుపెడతన్నారు అని నవ్వీవోలు. నాను రాయట్టుకుని ఎంటపడీదాన్ని. అయ్య మటుకు నవ్వీసీవోడు. ఔన్రా, మళ్ళీ మీ మామ్మనే సేసుకుంటన్నాను, పిలుసుకురండి అనీవోడు.

అయ్యకి తాగుడు నేదు, పేకాట నేదు. ఉన్నది ఒకటే సరదా, సెరువుల గాలం. ఆదివారం ఒచ్చిందంటే పెందుర్తి అవతల సెరువులకి ఎలిపోయీవోడు. పెందుర్తిల మా మావ, అంటే అమ్మ తమ్ముడు, సైకిళ్ళ కొట్టు ఎట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి గట్టు మీన కూకునీవోలు. ఒడ్డునున్న జాలరోళ్ళ పిల్లలు, సముద్రం ఎదురుగా ఎట్టుకుని బురద సేపలకి పోతారేటోలె మీవోలు అని నన్ను ఎక్కిరించీవోలు. ఆలకేటి తెలుసు. సెరువుల బొచ్చె సేపని పట్టడం అంటే దానికి ముందు వంట సెయ్యాల. దాని నోటికి నచ్చింది ఒండితేగాని రాదు.

ఎర అంటే వానపాము అనుకునీరు. అది సిన్న సేపలకి. మా అయ్య ఎర ఏరు. శుక్రారం నాడు మొదలు. తవుడు ఏపాల, తెలగపిండి నానెయ్యాల. మెంతులు, సోంపు ఏరేరుగా ఏపి దంచాల. బెల్లం ముదురు పాకం పట్టాల. పులిసిన సద్దన్నం పిసికి, దాంట్ల కల్లు కుండ అడుగున మిగిలిన మడ్డి పోసి, అన్నీ కలిపి కుండల ఎట్టి, మూతికి గుడ్డ కట్టి, పొయ్యికాడ ఏడి బూడిదిల పాతెయ్యాల. ఆకర్న యాలక్కాయి, కచ్చూరం. ఆ కచ్చూరాలకి అయ్య నన్ను సైకిలు ముందు కడ్డీ మీన కూకోబెట్టుకుని వన్ టౌనుకి తీసుకెల్లీవోడు. సన్నటి సందుల మూలికల కొట్టు. గుమ్మం దాటగానే సల్లటి వాసన, పాత బీరువా తెరిసినట్టు. కచ్చూరాలు ఆడోళ్ళు నలుగుపిండిల ఏసుకునీవి. మావ అది సూసి, సేపకి పెళ్ళేటి బావా, నలుగెడతన్నావు అనీవోడు. పెళ్ళి కాదు బావా, సావే, సావుకి ముందు తానం అనీవోడు అయ్య.

ఆ ఎర తినీసినాం ఒకసారి. నానూ, పక్కింటి గుంటలూ. బెల్లం వాసనకి ఆగనేక, కుండ మూత ఇప్పి తలో ఉండా మింగేం. కల్లు మడ్డి ఉందని మాకేటి తెలుసు. సాయంత్రానికి ఒకత్తి ఏడుత్తంది, ఒకత్తి నవ్వుతంది, నాను నూతి గట్టు మీన పడుకుని ఆకాశం తిరుగుతందని గోల. మామ్మ సీపురట్టుకుంది. అయ్య అడ్డం ఒచ్చి, కొట్టకే అమ్మా, గుంటలే ఇంతిదిగా తిన్నారంటే ఈ వారం సేపలు గట్టెక్కి ఒచ్చెత్తాయి అన్నాడు. ఒచ్చినాయి కూడాను. ఆ ఆదివారం అయ్య తెచ్చిన బొచ్చె తల మా పెద్ద సట్టిల పట్టనేదు.

అయ్య ముక్కు పోయిందని నాకు ఎలా తెలిసిందంటే, ఒక శనారం కుండ ఇప్పినాడు. ఎర కుళ్ళిపోయింది. ఎలక పడి సచ్చిందో ఏటో, నాను గుమ్మం కాడ నుంచే ముక్కు మూసుకున్నాను. అయ్య మటుకు తల కుండలకి ఒంచి గట్టిగా పీల్చి, పండిందమ్మీ, బాగా పండింది అని నవ్వినాడు.

అయ్య నా మొగం సూసినాడు. నా సెయ్యి ముక్కు మీన ఉంది. నవ్వు మెల్లగా పోయింది. కుండ మూసీసి, పెరట్లకి తీసుకెల్లి గొయ్యి తవ్వి పాతీసినాడు. తరవాత నా పక్కన కూకుని సెప్పినాడు. ఎప్పటినుంచో తగ్గుతా ఒచ్చిందంట. ముందు మల్లిపూల వాసన తెలడం మానీసిందంట, తరవాత కూర, తరవాత అన్నీ. గంధకం పీల్చి పీల్చి నోపలంతా కాలిపోయినట్టుంది అన్నాడు.

ఎవులికీ సెప్పకమ్మీ అన్నాడు. ఎందుకయ్యా అంటే సెప్పినాడు. ఓడ అడుగున గోతిల దిగీ పని. అక్కడ గాలి సెడ్డాదంటే ముందు తెలీది ముక్కుకే. ముక్కు నేనోడిని మేస్త్రి దించడు. దించకపోతే పని నేదు. పని నేకపోతే మనకి ఇల్లు నేదు. అమ్మకి కూడా సెప్పొద్దన్నాడు, అమ్మకి తెలిస్తే గోతిల దిగనివ్వదని.

అప్పటినుంచి నానే అయ్యకి ముక్కు. తవుడు ఏగుతంటే పక్కన కూకుని ఇంక సాలయ్యా అనీదాన్ని. కుండ ఇప్పి ఇంకొక పూట ఉంచాల అనీదాన్ని. యాలక్కాయి ఎక్కువైతే సెయ్యట్టుకునీదాన్ని. మావ ఒచ్చి ఎర వాసన సూసి, బావా, నీ సెయ్యి బాగా తిరిగింది అంటే అయ్య నన్ను సూసి కన్ను కొట్టీవోడు. ఆ వయసుల అంతకన్నా గొప్ప నాకేటీ తెలీదు. బడిల లెక్కలు రాకపోతే ఏటి. మా అయ్య నా ముక్కుతోటి బతుకుతన్నాడు.

ఆ గేంగు మేస్త్రికీ గాలం పిచ్చే. మంచోడే, సెడ్డోడు కాదు. ఎన్నేళ్ళ నుంచి కూకుంటన్నా ఆయన గాలానికి పెద్ద సేప పడనేదు. సేపలన్నీ మా అయ్య ఎరకే ఒత్తాయి, పక్కోళ్ళ గాలాలు ఊరికే ఉంటాయని ఎవులో సెప్పినారు. ఒకదినం అయ్యతోటి అన్నాడంట, ఈ ఆదివారం నీ ఎర నాకు కలిపిట్టుకురా, నాకో బొచ్చె పట్టించు, నిన్ను గోతిల నుంచి తీసీసి గేటు కాడ కూకోబెడతాను.

అయ్య ఆ సాయంత్రం ఒచ్చి నన్ను అమాంతం ఎత్తీసినాడు. పెద్దదాన్ని అయిపోనాను, ఎత్తలేక దగ్గొచ్చి దించీసినాడు. గేటు కాడయితే గంధకం నేదు. గోతిల దిగడం నేదు. ముక్కుండీదీ నేనిదీ ఎవులూ సూడరు. ఇద్దరం కలిపీద్దామమ్మీ, ఈ ఒక్క ఎరా, అన్నాడు.

గురారం పొద్దున్న నాను సమర్తాడినాను.

ఇంక అయిపోయింది. మామ్మ ఈదంతా ఇనబడీలా సెప్పింది. గది మూల తాటాకు ఏసి కూకోబెట్టినారు. అమ్మ పాత సీర అడ్డం కట్టినారు. నాకో కంచం, నాకో గళాసు, నాకో సెంబు. మొగోళ్ళని సూడకూడదు, అయ్యనైనా సరే. ఇంట్ల ఉన్న బట్టలన్నీ, దుప్పట్లు, పక్క గుడ్డలు, దండెం మీనున్న పాత పంచె ముక్కలతోటి సహా సాకలోళ్ళకి ఏసీసినారు, మైల పోవాలని. ఆడోళ్ళు ఒచ్చి పాటలు పాడి, చిమ్మిలి ఉండలు తినిపించి నోరు అంటుకుపోయీలా సేసినారు. నాకు పాటలు ఇనపడతన్నాయిగాని మనసంతా తవుడు మీన ఉంది.

ఎర అంటే మామ్మకి మడి. మైలలో ఉన్న ఆడది ముట్టుకుంటే సేప ముట్టదు అనీది. ముట్టడం కాదు, గాలి తగిలినా పనికిరాదు అనీది. అందుకని శుక్రారం గది గుమ్మం కాడే పీటేసుకుని కూకుంది. అయ్య పెరట్ల కిరసనాయిలు స్టవ్వు ముట్టించినాడు. మా గది కిటికీ పెరటేపే. అయ్య తనలో తను మాటాడుకుంటన్నట్టు గట్టిగా, మెంతులు ఏత్తన్నాను ఇదిగో, అన్నాడు. నాకు అర్థమయ్యింది.

ముక్కు రిక్కించుకుని కూకున్నాను. ఒంటి నిండా పసుపు, నువ్వుల నూనె, తలకాడ ఏపాకు. ఆటన్నిటినీ తోసుకుని మెంతి వాసన రావాల. ముందు పచ్చి వాసన. తరవాత గింజ ఇచ్చుకున్న వాసన. కమ్మగా అయ్యింది. ఇంకొక్క నిమిషం దాటితే సేదు. నాను గళాసు తీసి నేల మీన టంగుమని కొట్టినాను. బయట మూకుడు దించిన సప్పుడు.

ఏటోలె ఆ గళాసు సప్పుడు అంది మామ్మ. దాహం అన్నాను. పైనుంచి దార పోసింది, తాగినాను. సోంపుకి మళ్ళీ టంగు. మళ్ళీ నీళ్ళు. పాకానికి మళ్ళీ. మామ్మ బుగ్గలు నొక్కుకుని, ఓలమ్మ, ఈ గుంటకి నోపల నుయ్యుందేటి అంది. ఆడోళ్ళు నవ్వినారు. కిటికీ అవతల అయ్య కూడా నవ్వు ఆపుకోలేక దగ్గినాడు. నాను సీర ఎనకాల నోట్ల సెయ్యెట్టుకుని నవ్వినాను. ఆ ఇంట్ల మా ఇద్దరికే తెలిసిన నవ్వు అది. అదే ఆకరిది.

శనారం సాయంత్రం కిటికీ కింద కుండ మూత ఇప్పినాడు. ఒచ్చింది నాయనా ఆ వాసన. తవుడు, బెల్లం, పులుపు, ఆటి మీన కచ్చూరం సల్లగా. అంత బాగా పండిన ఎర మా ఇంట్ల ఎప్పుడూ కలపనేదు. నాను గళాసు టంగుమనిపించినాను. మామ్మ నీళ్ళు తెచ్చి, ఇదే ఆకర్ది, తెల్లారీదాకా ఇంక పొయ్యను అంది.

ఆదివారం తెల్లారీముందు మేస్త్రి స్కూటరు సందు మొగల ఆగింది. అమ్మ కుళాయికాడ నీళ్ళ వరసల ఉంది. మామ్మ అప్పుడే కునుకు తీత్తంది. అయ్య పెరట్ల ఎతుకుతన్నాడు, గుడ్డేదిరా, గుడ్డేదిరా అని తనలో తను అనుకుంటా. సందుల స్కూటరు హారను. తరవాత, ఇదిగో, అన్నాడు. ఎలిపోనాడు. నాను నిద్రమత్తుల ఇని మళ్ళీ పడుకున్నాను.

పొద్దెక్కినాక మామ్మ స్టవ్వు ముట్టించబోయి, స్టవ్వు కింద గుడ్డేదోలె అని అమ్మనడిగింది. ఆ స్టవ్వు కారీది. దాని కిందెట్టీ గుడ్డని మామ్మ సబ్బెట్టి ఉతికి శనారం ఆరేసింది. దండెం మీన ఉండాల కదా అంది అమ్మ. నేదంది మామ్మ. నాను లేచి కూకున్నాను.

ఎర ఉండ సుట్టీ గుడ్డ ఏరే ఉండీది, అయ్య పాత పంచె ముక్క. అది సాకలోళ్ళింటికి పోయింది, నా మైలతోటి. దండెం మీన మిగిలింది ఆ ఒక్క గుడ్డే. ఉతికినది, తెల్లగా ఉంది. సూడ్డానికి ఏ తేడా నేదు. కిరసనాయిలు వాసన మటుకు ఎన్ని సబ్బులెట్టినా పోదు. ముక్కున్న మడిసయితే సేతికి తీసుకోగానే పారేత్తాడు. ఎర ఉండ నాలుగైదు కోసుల దూరం ఆ గుడ్డల సుట్టుకుని ఎల్తే ఇంకేటుంటాది. సేపకి కిరసనాయిలు వాసన తగిలితే ఆ సుట్టుపక్కలకే రాదు.

అమ్మని పిలిసినాను. సీర ఇవతల నుంచే అంతా సెప్పీసినాను. ముక్కు సంగతి, గోతి సంగతి, గేటు సంగతి. అమ్మ సీర అవతలే కూకుంది. తరవాత, అందుకేనేటి, మొన్న అన్నం మాడి పొగొత్తన్నా పక్కనే కూకుని బీడీ కాల్సుకుంటన్నాడు, నాను తిట్టినాను, అంది.

నిలబడి కొంగు దోపుకుంది. పెందుర్తి ఎలొత్తాను అంది. మామ్మ అడ్డం ఒచ్చింది. సమర్త పిల్లనొగ్గీసి తల్లి గడప దాటడం ఏటి, మడుసులు నవ్వరేటి అని. అమ్మ ఇననేదు. చిల్లర కొంగున కట్టుకుని బస్సెక్కీసింది.

నాను తాటాకు మీన కూకున్నాను. కూకోవడం తప్ప ఏటి సెయ్యను. మామ్మకి కూడా ఇసయం తెలిసిపోయింది. పీట మీన కూకుని సీర కాసే సూత్తా, మాటిమాటికీ, దాహమేత్తందేటే అనడిగింది. నేదన్నాను. రైళ్ళు ఎల్తన్నాయి, గిన్నెలు కొట్టుకుంటన్నాయి. నా మనసుల అమ్మ ఒక బస్సు, అయ్య ఒక స్కూటరు. ఎవులు ముందెల్తారో అని. స్కూటరు ఎప్పుడో ఎలిపోయిందని తెలుసు. తెలిసినా అదే ఆలోసన.

మజ్జాన్నం దాటినాక అమ్మ ఒచ్చింది. మావ కొట్టు మూసుందంట. ఏ సెరువుకెల్లినారో ఎవులూ సెప్పలేకపోయారంట. రెండు సెరువుల గట్లు నడిసిందంట, ఎండల. మూడోదాని దారి తెలీక తిరిగొచ్చీసింది. కాళ్ళు మోకాళ్ళ దాకా ఎర్రదుమ్ము. ఒచ్చి సీరకి ఆనుకుని కూలబడ్డాది. సీర కింద నుంచి సెయ్యి నోపలికి ఎట్టి నా పాదం పట్టుకుంది. ముట్టుకోకూడదు. మామ్మ సూసింది. మొగం తిప్పుకుని, పొయ్యికాడ పనున్నట్టు లేచి ఎలిపోయింది.

దీపాలెట్టే ఏలకి అయ్య ఒచ్చినాడు. స్కూటరు రానేదు. మావతోటి బస్సుకి ఒచ్చినాడు. కాళ్ళు కడుక్కుని నేరుగా గది గుమ్మం దాకా ఒచ్చి, సీర అవతల నిలబడి అన్నాడు.

"అమ్మీ, ఎర బాగా పనిసేసిందే."

నాను సీర కొస పట్టుకున్నాను.

"మేస్త్రికి బొచ్చె పడ్డాది. ఇంతుంది. ఇద్దరం పట్టి లాగినాం గట్టుకి. మేస్త్రే తీసుకెలిపోనాడు, అందుకే ఇంటికి తేనేదు."

"ఔనా అయ్యా," అన్నాను.

"ఔనమ్మీ. నీ ముక్కే ముక్కు," అన్నాడు. గొంతుకు ఎప్పటిలాగే ఉంది. పెరట్లకి ఎలిపోనాడు.

మావ వంటింట్ల అమ్మతోటి సెప్తన్నాడు. గొంతుకు తగ్గించినాడు గాని మా ఇంట్ల గోడలేపాటివి. అంతా ఇనపడింది.

గట్టు మీన అయ్య మూట ఇప్పబోతే, నాకియ్యిరా అని మేస్త్రి అందుకున్నాడంట. ముక్కుకాడ ఎట్టుకున్నాడంట. అయ్య మొగం కాసి సూసినాడంట. కళ్ళు మూసుకోరా అన్నాడంట. అయ్య ఏదో ఏళాకోళం అనుకుని మూసుకున్నాడు. ఆ గుడ్డనే, ఎర తీసీసిన ఒట్టి గుడ్డని, అయ్య ముక్కుకి తగిలీలా ఎట్టి, ఏటి వాసనొత్తంది సెప్పు అన్నాడంట.

"బావ ఏటన్నాడో తెలుసా అప్పా," అన్నాడు మావ. "గట్టిగా పీల్చినాడే. పీల్చి, కచ్చూరం, యాలక్కాయి, ఏపిన మెంతులు అని ఒకటొకటీ సెప్పినాడు. మా అమ్మి ముక్కు సూసి కలిపిన ఎర మేస్త్రిబాబూ, దీనికి తిరుగునేదు అన్నాడు. నవ్వుతా సెప్పినాడప్పా. కళ్ళు మూసుకుని. గట్టు మీనున్నోలందరికీ కిరసనాయిలు కొడతంది."

అమ్మ ఏడుపు ఇనపడింది.

మేస్త్రి అరవనేదంట, తిట్టనేదంట. అయ్య భుజం మీన సెయ్యేసి పక్కకి తీసుకెల్లి, ముక్కు పోయి ఎన్నాళ్ళయ్యిందిరా అనడిగినాడంట. గోతిల గాలి సెడితే నీకెలా తెలుస్తాది, నీ ఎనకాల దిగినోలు ఏటవుతారు, ఇన్నాళ్ళూ ఏ దేవుడు కాసినాడురా మిమ్మల్ని అన్నాడంట. గేటు కాడయినా ఎట్టండి బాబూ అన్నాడంట అయ్య. గేటు కాపలాకయినా లారీల లీకయ్యిందీ కాలిందీ ముక్కుకి తెలాల కదరా అన్నాడంట. అన్నాక స్కూటరెక్కి ఎలిపోనాడంట. అయ్య మటుకు గాలమేసుకుని సాయంత్రం దాకా అక్కడే కూకున్నాడంట. అదే ఎరతోటి. మావ పోదాం బావా అంటే, ఉండు బావా, ఒకటి పడనీ, అమ్మికి సూపించాల అన్నాడంట.

తానం నాడు నన్ను బయటికి తెచ్చి, కొత్త పరికిణీ కట్టి పీట మీన కూకోబెట్టినారు. అయ్య ఉతికిన చొక్కా ఏసుకుని ఒచ్చి అచ్చింతలు ఏసినాడు. ఎవులో అడిగితే, అమ్మి సంబరానికి సెలవెట్టినాను అన్నాడు. కనురెప్పల కాడ పచ్చదనం పోయింది. అన్ని దినాలు ఓడకి ఎల్లకుండా ఉండడం నాను పుట్టినాక అదే మొదలు. అంత తెల్లటి మొగం మా అయ్యదేనా అనిపించింది.

తరవాత అయ్య ఏవేవో పనులు సేసినాడు. రిక్షా తొక్కినాడు, ఊపిరి అందనేదు. బడ్డీకొట్టు కాడ కూకున్నాడు. అమ్మ రొయ్యల షెడ్డుకి ఎల్డం మొదలెట్టింది. ఇంట్ల అయ్యని సూసుకుందికి ఒకలుండాలని నన్ను ఆరో తరగతికి పంపనేదు. ఈదిలోళ్ళు ఆదివారం ముందు ఒచ్చి, ఎర కలిపెట్టవా బావా అనీవోలు. అయ్య, మానీసినాను బావా, సేపలు కూడా మునపట్లా నేవు అనీవోడు. గాలం కర్రలు మావకి ఇచ్చీసినాడు. కుండల మామ్మ ఉప్పేసుకుంది.

ఆ ఆదివారం సంగతి మాత్రం అయ్య ఎప్పుడూ ఒదల్నేదు. ఇంటికి ఎవులొచ్చినా సెప్పీవోడు. మా అమ్మి సమర్తకి కూకున్నప్పుడు కూడా ముక్కుతోటి ఎర పండించిందే, మేస్త్రికి బొచ్చె పడ్డాదే అని. ఏడాదేడాదికీ ఆ సేప పెరిగీది. అమ్మ తలొంచుకుని బియ్యం ఏరుకునీది. మావ ఉంటే, ఔనౌను, నానూ సూసినాను అనీవోడు. నాకు నిజం తెలుసని అయ్యకి తెలుసో తెలీదో ఈనాటికీ నాకు తెలీదు.

కొన్ని వానాకాలాలు గడిసినాక పెద్దాసుపత్రిల సేర్చినాం. ఊపిరితిత్తులు పోయినాయన్నారు. నాకప్పటికి పెళ్ళయ్యి ఒడిల పిల్లోడు. మాటాడితే ఆయాసం. ఒకదినం మజ్జాన్నం అయ్య పక్క మీన కూకుంటే, నా సెయ్యి తీసుకుని ఆయన ముక్కుకాడ ఎట్టుకున్నాడు. ఏటయ్యా అన్నాను.

"అమ్మీ, ఆ దినం పడ్డ బొచ్చె," అన్నాడు. ఆగినాడు. "నీకు సూపించనేదు. అదొక్కటే."

"మావ సెప్పినాడయ్యా," అన్నాను. "ఇద్దరూ లాగినారంట కదా."

"ఇద్దరం లాగినాం," అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నా సెయ్యి ఒదల్నేదు.

అయ్య పోయినాక నానూ అలాగే సెప్తా ఒచ్చినాను. మా ఆయనకీ అలాగే సెప్పినాను, పిల్లలకీ అలాగే. మీ తాత ఎరకి బొచ్చె పడ్డాదిరా, ఇద్దరు మొగోళ్ళు పట్టి లాగినార్రా అని. సిన్నప్పుడు మా పెద్దోడు సేతులు సాపి, ఇంతుందా అమ్మా అనీవోడు. ఇంకా పెద్దది అనీదాన్ని. ఎందుకో ఈ కాయితం మీన మటుకు అలా రాయలేకపోతన్నాను.

పడనేదు. పొద్దుగూకీదాకా ఒక్క సేపా రానేదు మా అయ్య గాలం ఏపు.